ఒక తొడ సన్నబడితే: ఎడమకాలి పని ఎడమకాలితోనే చేయించాలి

ప్రశ్న: నా వయసు 26 సంవత్సరాలు, బరువు 65 కిలోలు. మాది తిరుపతి. పదకొండు నెలల క్రితం కబడ్డీ ఆడుతుండగా ఎడమ మోకాలి లోపలివైపు లిగమెంటు దెబ్బతింది. ఆపరేషన్ అక్కరలేదని చెప్పి ఆరు వారాలు బ్రేసు వేశారు. ఇప్పుడు నొప్పి, వాపు లేవు. వ్యాయామం చేసుకోవచ్చని డాక్టరుగారు కూడా చెప్పారు. ఐదు నెలలుగా జిమ్‌లో స్క్వాట్లు, లెగ్ ప్రెస్ చేస్తున్నాను. బరువులు బాగా పెరిగాయి గానీ ఎడమ తొడ మాత్రం సన్నగానే ఉండిపోయింది. టేపుతో కొలిస్తే కుడి తొడ 54 సెంటీమీటర్లు, ఎడమ తొడ 51.5 సెంటీమీటర్లు వచ్చింది. శనివారాల్లో అలిపిరి మెట్లు ఎక్కి, నడిచే దిగుతాను. దిగేటప్పుడు ఎడమకాలు వణుకుతుంది. కుడికాలికి వ్యాయామం మానేసి ఎడమకాలికి రెట్టింపు చేయమని మిత్రులు అంటున్నారు. నూనె మర్దన, ప్రోటీన్ పొడి ఉపయోగపడతాయా? మోకాలు బాగైతే నాచేత అలిపిరి దారిలోని మోకాళ్ల పర్వతం మెట్లు మోకాళ్లతో ఎక్కిస్తానని మా అమ్మ మొక్కుకుంది. ఆ మొక్కు ఇప్పుడు తీర్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట తొడ కొలత కాదు, దిగేటప్పుడు కాలు వణుకుతోందన్న మాట. తొడ సన్నగా ఉండటం కంటికి కనిపించే లక్షణం మాత్రమే. దాని వెనుక ఉన్నది బలహీనత. ఐదు నెలలు శ్రద్ధగా జిమ్‌కు వెళ్లినా ఆ బలహీనత పోలేదంటే మీరు తక్కువ కష్టపడ్డారని కాదు. మీరు పడ్డ కష్టంలో ఎక్కువ భాగం కుడికాలికి చేరిందని అర్థం. దెబ్బ తగిలి కోలుకున్నవారికి ఇరవై ఏళ్లుగా వ్యాయామం నేర్పుతున్న నాకు, దాదాపు ప్రతివారిలోనూ కనిపించేది ఇదే.

మోకాలికి దెబ్బ తగిలి లోపల వాపు చేరినప్పుడు, ఆ కీలు నుంచి వెన్నుపాముకు వెళ్లే సంకేతాలు తొడ ముందు భాగంలో ఉండే క్వాడ్రిసెప్స్ కండరానికి రావలసిన ఆజ్ఞను అణచివేస్తాయి. దెబ్బతిన్న కీలును కాపాడుకోవడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది. దానికి తోడు ఆరు వారాలు బ్రేసులో కదలిక తగ్గింది. కదలిక తగ్గిన కాలులో మొదటి కొద్ది వారాల్లోనే కండ వేగంగా కరిగిపోతుంది. తొడ వెనుక కండరాల కంటే ముందు కండరం ఎక్కువగా కరుగుతుంది కాబట్టే మీ ప్యాంటు తొడ దగ్గర వదులైనట్టు అనిపిస్తుంది. తరువాత వాపు తీస్తుంది, నొప్పి పోతుంది, మనిషి మామూలుగా నడుస్తాడు. కానీ ఈలోగా మెదడుకు ఒక అలవాటు పడిపోయి ఉంటుంది. ఏ బరువు వచ్చినా కుడికాలి మీదికి నెట్టడమే ఆ అలవాటు. మనకు తెలియకుండానే అది జరిగిపోతుంది.

నా మాట మీద నమ్మకం ఉంచమని అనడం కంటే మీరే పరీక్షించి చూసుకోవడం మంచిది. ఇంట్లో బరువు చూసుకునే యంత్రాలు ఒకే రకానివి రెండు సంపాదించి, చదునైన నేల మీద పక్కపక్కన పెట్టి, ఒక్కో పాదం ఒక్కో యంత్రం మీద ఉంచి నిలబడండి. అంకెలు మీరు చూడకూడదు. తల వంచితే బరువు అటూ ఇటూ మారుతుంది కాబట్టి పక్కన ఇంకొకరు చూడాలి. మొదట నిటారుగా నిలబడినప్పుడు ఎంతెంత ఉందో, తరువాత సగం వరకు గుంజీ తీసినట్టు కూర్చుని కదలకుండా ఆగినప్పుడు ఎంతెంత ఉందో రాసుకోండి. చంద్రగిరి వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన 70 కిలోల యువకుడొకరు నిలబడినప్పుడు కుడివైపు 36, ఎడమవైపు 34 చూపించాడు. సగం కూర్చోగానే అవి 43, 27 అయ్యాయి. రెండు కాళ్ల మీదా సమానంగానే కూర్చున్నానని ఆ అబ్బాయి గట్టిగా చెప్పాడు. తనకు నిజంగా అలాగే అనిపించింది కూడా. మీరు లెగ్ ప్రెస్ మీద వంద కిలోలు తోసినప్పుడు ఏ కాలు ఎంత తోసిందో ఆ యంత్రం చెప్పదు. వంద అన్న అంకె పెరగడం మాత్రమే చూపిస్తుంది. యంత్రాలు దొరక్కపోతే మీ చెప్పులు తిరగేసి అడుగులు ఎలా అరిగాయో చూడండి. సాపాటు ముగించి నేల మీద నుంచి లేచేటప్పుడు ఏ కాలు మీద బరువు వేసి, ఏ మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తున్నారో గమనించండి. క్యూలైన్‌లో గంటసేపు నిలబడవలసి వచ్చినప్పుడు ఏ కాలు మీద వాలిపోతున్నారో కూడా గుర్తుపెట్టుకోండి.

కాబట్టి మీకు కావలసింది ఎక్కువ బరువు కాదు, కుడికాలు జోక్యం చేసుకోలేని వ్యాయామం.

అయితే మీ మిత్రులు చెప్పినట్టు కుడికాలిని పూర్తిగా మానిపించకండి. అలా చేస్తే తేడా తగ్గినట్టు కనిపించవచ్చు గానీ, అది ఎడమకాలు పైకి రావడం వల్ల కాకుండా కుడికాలు కిందికి దిగడం వల్ల వచ్చిన సమానత్వం అవుతుంది. పైగా కుడికాలి వ్యాయామం ఎడమకాలికి శత్రువు కాదు. 1894లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం ఒక్క కుడిచేతికే సాధన ఇచ్చి చూస్తే, సాధన చేయని ఎడమచేతిలో కూడా బలం పెరిగినట్టు తేలింది. ఆ తరువాత కాళ్ల విషయంలోనూ అదే మళ్లీ మళ్లీ రుజువైంది. ఒక కాలు కట్టులో ఉన్నప్పుడు రెండో కాలికి వ్యాయామం చేయించే పద్ధతికి ఆధారం ఇదే. అందువల్ల కుడికాలికి పని ఉండాలి, కాకపోతే కొంతకాలం తక్కువ ఉండాలి. సంపాదించుకున్న బలాన్ని నిలుపుకోవడానికి, దాన్ని సంపాదించేటప్పుడు పడినంత శ్రమ అక్కరలేదు.

నేను చెప్పే పద్ధతిలో నియమం ఒక్కటే. ప్రతి వ్యాయామం ఎడమకాలితో మొదలు కావాలి. ఎడమకాలు ఎంత బరువుతో ఎన్నిసార్లు చేయగలిగిందో కుడికాలు కూడా అంతే చేయాలి, ఇంకా చేసే సత్తువ ఉన్నా అక్కడితో ఆపేయాలి. ఎడమకాలికి మూడు సెట్లు (ఆగకుండా చేసే ఒక్కో విడత ఒక సెట్టు), కుడికాలికి రెండు సెట్లు ఉంటే సరిపోతుంది. ఎడమకాలికి రెట్టింపు చేయడం తొందరపాటు. నిన్నమొన్నటి వరకు పని తప్పించుకున్న కండరం మీద ఒక్కసారిగా అంత భారం వేస్తే, కండ పెరగకముందే మోకాలిచిప్ప కింద ఉండే స్నాయువు నొప్పి మొదలవుతుంది. వారానికి రెండు లేక మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో చేయండి.

మొదటగా మెట్టు దిగే వ్యాయామం చెబుతాను, ఎందుకంటే మీ కాలు వణికేది సరిగ్గా అక్కడే. దిగేటప్పుడు క్వాడ్రిసెప్స్ సాగుతూనే శరీర బరువును పట్టి ఉంచాలి. అందుకే ఎక్కడం కంటే దిగడంలోనే మోకాలి మీద అదుపు ఎక్కువ కావాలి. ఇరవై సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు అంచున ఎడమపాదం మీద నిలబడి, కుడిపాదాన్ని ముందుకు గాలిలో ఉంచండి. మనసులో మూడు లెక్కపెడుతూ ఎడమ మోకాలిని నెమ్మదిగా వంచి, కుడి మడమ నేలను తాకీ తాకనట్టు తగలగానే మళ్లీ పైకి లేవండి. మడమ తగిలే చోట ఒక ఎండుటాకు పెట్టుకోండి. ఆకు నలిగిన చప్పుడు వస్తే కుడికాలు సాయం చేసినట్టే, ఆ లెక్క చెల్లదు. ఎడమ మోకాలిచిప్ప కాలి రెండో వేలికి సూటిగా ఉండాలి. బలం చాలని మోకాలు లోపలికి పడిపోవాలని చూస్తుంది. మీకు దెబ్బ తగిలింది లోపలి లిగమెంటుకే కాబట్టి, ఈ పొరపాటును మాత్రం ఒక్కసారి కూడా ఉపేక్షించకండి. ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీసుకుంటే నడుము ఒక పక్కకు ఒరిగిపోవడం కూడా కనిపిస్తుంది. ఇరవై సెంటీమీటర్లు కష్టమైతే పది సెంటీమీటర్ల పలకతో మొదలుపెట్టండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

దీని తరువాత స్ప్లిట్ స్క్వాట్ చేయండి. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు పెట్టి, వెనుక మోకాలు నేల దగ్గరికి వచ్చేదాకా నిలువుగా దిగి లేవడమే ఇది. బరువు ముందుకాలి మడమ మీద ఉండాలి, రెండు చేతుల్లో డంబెల్స్ పట్టుకోవచ్చు. లెగ్ ప్రెస్ మానవలసిన పనిలేదు, ఒక్కో కాలితో విడివిడిగా చేస్తే చాలు. కూర్చుని మోకాలు చాపుతూ బరువు ఎత్తే లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రం కూడా అంతే. ఆ యంత్రం మోకాలికి చెరుపని కొందరు భయపెడతారు గానీ, నొప్పి, వాపు లేని మోకాలికి తగిన బరువుతో చేస్తే క్వాడ్రిసెప్స్‌ను విడిగా పట్టుకోవడానికి అంతకంటే సూటి దారి లేదు. తొడ, పిరుదు, పిక్క కలిసి చేసే వ్యాయామాల్లో నీరసపడ్డ క్వాడ్రిసెప్స్ మిగతావాటి చాటున తప్పించుకుంటుంది. తొడ వెనుక భాగానికి వెల్లకిలా పడుకుని ఒక్క పాదం మీద నడుము పైకెత్తడం, పిక్కకు మెట్టు అంచున ఒక్క కాలి మునివేళ్ల మీద లేవడం చేర్చుకోండి. రెండు కాళ్లతో చేసే మామూలు స్క్వాట్లు రెండు నెలలు పక్కన పెట్టడమే మేలు.

బరువు ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో చికాగోలోని గార్డినర్ జనరల్ ఆసుపత్రిలో మోకాలి గాయాలతో వచ్చిన సైనికుల తొడలు మీ తొడలాగే సన్నబడి, తేలికపాటి బరువులతో ఎన్నిసార్లు ఆడించినా త్వరగా కోలుకునేవి కావు. అక్కడ వైద్యుడిగా ఉన్న థామస్ డెలోర్మ్ చిన్నప్పుడు జ్వరంతో మంచం పట్టి, బరువులెత్తి కోలుకున్న మనిషి. ఆయన సైనికుల పాదాలకు ఇనుప బూట్లు తొడిగి, వాటికి బరువులు తగిలించి, మోయగలిగినంత భారంతో తక్కువసార్లు ఎత్తించి, బలం పెరిగే కొద్దీ భారం పెంచుతూ పోయారు. 1945లో ఆయన ఆ ఫలితాలను ప్రచురించారు. పది సార్లు చొప్పున మూడు సెట్లు అని ఈనాడు జిమ్‌లలో అందరూ పాటించే పద్ధతి ఆయన, ఆయన సహచరుడు వాట్కిన్స్ 1948 నాటికి స్థిరపరచినదే. సన్నబడిన తొడను లాలించినంత మాత్రాన అది పెరగదని, క్రమంగా పెరిగే భారం దాని మీద పడాలని అప్పుడే తేలిపోయింది.

మీ విషయంలో ఎడమకాలు 8 నుంచి 12 సార్లు చేసేసరికి, ఇంకో రెండు మూడు సార్లు మాత్రమే చేయగలననిపించే బరువు సరైనది. మూడు సెట్లలోనూ పన్నెండు వరకు శుభ్రంగా రాగలిగిన రోజు తరువాత, యంత్రంలో ఉన్న అతి చిన్న పలక ఒకటి కలపండి. చేసేటప్పుడు మోకాలిలో పదికి మూడు మించని నొప్పి ఉండి, మరుసటి ఉదయానికి పోతే భయపడనక్కరలేదు. మరుసటి రోజు మోకాలు ఉబ్బినా, బిగుసుకున్నా బరువు తగ్గించి, అది పూర్తిగా తగ్గాకే మళ్లీ పెంచాలి. మోకాలిలో వాపు ఉన్నంతకాలం క్వాడ్రిసెప్స్‌కు ఆజ్ఞ సరిగా అందదని పైన చెప్పింది ఇక్కడ గుర్తుంచుకోండి.

ఇక కొలత. మీరు 54, 51.5 అని రాశారు గానీ, మోకాలికి ఎంత పైన కొలిచారో రాయలేదు. తొడ పైకి పోయే కొద్దీ లావవుతుంది కాబట్టి రెండు వేళ్ల ఎడం తేడా వచ్చినా అంకె మారిపోతుంది. మంచం మీద కాళ్లు చాపి, కండ వదులుగా ఉంచి, మోకాలిచిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో రెండు తొడల మీదా పెన్నుతో గుర్తు పెట్టండి. టేపు చర్మాన్ని నొక్కకుండా ఆనేటట్టు చుట్టి, మూడుసార్లు కొలిచి సగటు తీయండి. పొద్దున, వ్యాయామానికి ముందు, ప్రతిసారీ ఒకే మనిషి కొలవాలి. నెలకొకసారి చాలు. ఒక సెంటీమీటరు తేడా దెబ్బ తగలని మనుషుల్లో కూడా మామూలే. మీకు రెండున్నర ఉంది కాబట్టి అది పట్టించుకోవలసిన తేడానే.

టేపు కంటే నమ్మకమైన కొలత ఇంకొకటి ఉంది. సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఒక్క కాలి మీద లేచి మళ్లీ నెమ్మదిగా కూర్చోండి. కుడికాలితో ఎన్నిసార్లు వచ్చిందో, ఎడమకాలితో ఎన్నిసార్లు వచ్చిందో నెలకొకసారి రాసుకోండి. కుడికాలితో పది వచ్చినప్పుడు ఎడమకాలితో తొమ్మిది వస్తే మీరు గమ్యం చేరినట్టే. క్రీడాకారులను మళ్లీ ఆటకు పంపేటప్పుడు కూడా దెబ్బతిన్న కాలి బలం రెండో కాలి బలంలో 90 శాతానికి తగ్గకూడదన్నదే సాధారణంగా చూసే లెక్క. కబడ్డీకి తిరిగి వెళ్లాలని మీరు రాయలేదు గానీ, ఆ వయసులో ఆ కోరిక లేకుండా ఉండదు. ఆ లెక్క కుదిరే వరకు, ఆ తరువాత ఒంటికాలి గెంతులు, మలుపులు కూడా సాధన చేసే వరకు కూతకు వెళ్లకండి.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కుర్చీ పరీక్షలో అంకె పెరుగుతుంది, టేపు అంకె మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. చాలామంది నిరాశపడి మానేసేది ఈ దశలోనే. ఆ వారాల్లో పెరిగేది ప్రధానంగా నరాల ఆజ్ఞ. నిద్రపోతున్న కండపోగులు మేలుకుంటాయి. కండ కంటికి కనిపించేంతగా పెరగడం మూడో నెల నుంచి మొదలవుతుంది, తేడా పూర్తిగా పూడటానికి ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు. చివరికి అర సెంటీమీటరు మిగిలిపోయినా, బలం సమానమైతే దాన్ని లోపంగా చూడకండి.

నూనె మర్దన హాయినిస్తుంది, అమ్మ చేతి నువ్వుల నూనెను వద్దనను. అయితే దానివల్ల కండ పెరగదు. ఆహారం మాత్రం నిజంగా ముఖ్యం. బలం కోసం వ్యాయామం చేసేవారికి కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల వరకు ప్రోటీన్ ఉపయోగపడుతుంది. మీ బరువుకు అది సుమారు 104 గ్రాములు. రెండు గుడ్లలో 12 గ్రాములు, రెండు గ్లాసుల పాలు లేదా పెరుగులో 16 గ్రాములు, వండకముందు తూచిన వంద గ్రాముల కందిపప్పులోనో ఉలవల్లోనో 22 గ్రాములు, గుప్పెడున్నర చెనక్కాయల్లో, అంటే యాభై గ్రాముల్లో, 12 గ్రాములు ఉంటాయి. దానికి 150 గ్రాముల కోడికూర తోడైతే మరో ముప్పై వస్తాయి, మిగతాది అన్నం, రాగిసంగటి పూరిస్తాయి. సంగటి ఒక్కటే తింటే బలమొస్తుందని మన ప్రాంతంలో అనుకుంటారు గానీ, వంద గ్రాముల రాగుల్లో ఉండే ప్రోటీన్ ఏడు గ్రాములే. సంగటి పక్కన ఉలవచారు పలచటి నీళ్లగా కాకుండా ఉలవలతో సహా ఉండాలి. శనివారం మాంసం ముట్టని ఇళ్లలో ఆ రోజు పప్పు, పెరుగు పెంచుకోవాలి. ఇంత తినగలిగితే పొడి అక్కరలేదు. తినలేని రోజు ఒక చెంచా కలుపుకుంటే తప్పు లేదు.

అలిపిరి మెట్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మీకు వ్యాయామం మాత్రమే కాదని నాకు తెలుసు. 3,550 మెట్లు గుండెకు, ఊపిరికి గొప్ప సాధన. కానీ సన్నబడిన తొడను పెంచే సాధన కాదు. గాలిగోపురం వరకు ఉన్న నిటారు మెట్ల మీద అలసిపోయే కొద్దీ మనిషి బలమైన కాలితోనే ముందు ఎక్కి రెండో కాలిని పక్కకు చేర్చుకుంటాడు, అంటే కుడికాలికే మళ్లీ సాధన. దిగేటప్పుడు వేలకొద్దీ మెట్లు వణుకుతున్న కాలితో దిగడం మరీ ప్రమాదం. ఒక్కసారి కాలు మెలికపడితే అదే లిగమెంటు మళ్లీ దెబ్బతింటుంది. మొదటి ఎనిమిది వారాలు కొండకు బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి. ఆ తరువాత జిమ్ లేని రోజు చూసుకుని ఎక్కండి, దిగడానికి మాత్రం బస్సే ఎక్కండి. ఎక్కేటప్పుడు ఒక మెట్టు ఎడమ, ఒక మెట్టు కుడి అని మనసులో పట్టుకుని, ఆ వరుస తప్పినచోట కూర్చుని విశ్రాంతి తీసుకోండి.

ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. తొడ సన్నబడటానికి దెబ్బ ఒక్కటే కారణం కాకపోవచ్చు. నడుము నుంచి కాలిలోకి లాగే నొప్పి, తిమ్మిరి, నడుస్తుంటే తెలియకుండా చెప్పు జారిపోవడం, కండలో చిన్నచిన్న అదుర్లు, వారాల్లోనే గమనించదగ్గ వేగంతో కండ కరిగిపోవడం వంటివి ఉంటే అది నరాల సమస్య కావచ్చు. మోకాలు మధ్యలో ఇరుక్కుపోవడం, ఒక్కసారిగా విడిచేయడం ఉంటే కీలు లోపల ఇంకేదో దెబ్బతిని ఉండవచ్చు. వీటిలో ఏది ఉన్నా వ్యాయామం ఆపి రుయా ఆసుపత్రిలో గానీ బర్డ్ ఆసుపత్రిలో గానీ చూపించుకోండి. ఒక పిక్క ఉన్నట్టుండి ఉబ్బి, వేడిగా, ఎర్రగా మారితే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. అప్పుడు మర్దన అసలు చేయకూడదు, అదే రోజు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

అమ్మగారి మొక్కు గురించి. రాతిమెట్ల మీద మోకాళ్లతో ఎక్కేటప్పుడు శరీర బరువంతా మోకాలిచిప్ప మీద పడుతుంది, ప్రతి మెట్టుకూ మోకాలు పక్కకు తిరుగుతుంది. పదకొండు నెలల క్రితం తెగిన లిగమెంటు మానినా, దానికి అండగా నిలవవలసిన తొడ కండరం ఇంకా సిద్ధంగా లేదు. మొక్కు మానుకోమని నేను అనను, వాయిదా వేసుకోమంటున్నాను. అమ్మగారిని కూర్చోబెట్టి, మోకాలు బాగైతే అని కదా మొక్కుకున్నది, ఇంకా పూర్తిగా బాగు కాలేదు అని చెప్పండి. ఎండుటాకు నలగకుండా ఎడమకాలితో పన్నెండు సార్లు దిగగలిగి, కుర్చీ పరీక్షలో కుడికాలికి పది వస్తే ఎడమకాలికి తొమ్మిది వచ్చిన నెలలో డాక్టరుగారికి ఒకసారి చూపించుకుని, వారు సరేనన్నాక, మోకాళ్లకు మెత్తటి గుడ్డ కట్టుకుని, అమ్మను పక్కన నడవమని, ఆ మెట్లు ఎక్కండి.